పళ్ళు తక్కువైన రంపము

దళసరి టేకుపలకను నారవెంబడి నిలువునా కోసి రెండు పలుచని పలకలుగా చేయగోరువాడు, బ్లేడునకు పళ్ళెంత యెక్కువైన కోత అంత నున్నగా వచ్చునని తలచుట సహజమే గాని, బల్లనడుమ గాడినుండి పైకి లేచి తిరుగు చక్రరంపము విషయమున ఆ తలపు ప్రమాదకరమైనది. అడ్డకోతలో త్రెగిన నారలు పొడియై రాలిపోవును. నిలువుకోతలోనో పన్ను నారను పొడుగునా లేపుచు పోవుటచే పొడవైన పీచు వెలువడును, ఆ పీచంతయు పన్ను చెక్కను వీడి బయటపడువఱకు పళ్ళనడిమి సందులోనే ఒదిగియుండవలెను. 10 అంగుళముల బ్లేడునకు 80 పళ్ళున్నచో పంటికిని పంటికిని ఎడము 10 మిల్లీమీటర్లే. 24 పళ్ళున్నచో 33. ఇరుకుసందు నిండిన పిదప పన్ను కోయుట మాని రాయసాగును, కమరువాసన పుట్టును, వేడికి బ్లేడు అంచు వ్యాకోచించి అల్లల్లాడును. కావున నిలువుకోతకు 24 పళ్ళదే మేలు. పంటికొన ఉలివలె చదునుగా నుండవలెను. టేకులోని సిలికా ఉక్కును త్వరగా మొద్దుబార్చును గనుక కొనలు టంగ్‌స్టన్ కార్బైడువై యుండుట అవసరము.

ఇంతకంటెను భయంకరమైనది మఱొకటి గలదు. మ్రాను పెరుగునప్పుడును ఆరునప్పుడును దానిలో అణగియుండిన ఒత్తిడులు కోతతో విడివడి, చీలిన రెండు భాగములును బ్లేడు వెనుక దగ్గఱకు వచ్చి దానిని బిగించును. నిమిషమునకు 4000 చుట్లు తిరుగు ఆ బ్లేడు అంచువేగము గంటకు సుమారు 190 కిలోమీటర్లు. వెనుకవైపున పైకి లేచు పళ్ళు పలకను ఎత్తి, కోయువానిపైకే విసరును. దీనిని వారించుటకే బ్లేడు వెనుక ఒక ఉక్కురేకు నిలుపుదురు. అది బ్లేడు రేకుకంటె మందముగను, పళ్ళు తీయు గాడికంటె పలుచగను ఉండిననే పని చేయును. గాడి సాధారణముగ 3.2 మిల్లీమీటర్లు, పలుచని బ్లేడుతో 2.4, ఆ రెంటికిని ఒకే ఉక్కురేకు తగదు. పలుచని బ్లేడు కలపను మిగిల్చును, నిజమే. అయినను లోతుకోతలో వంగును గనుక దానిని నేను మెచ్చను.

5 అంగుళముల వెడల్పు పలకను ఒక్కదెబ్బతో కోయరాదు. ప్రతిసారియు పలక ఒకే ముఖమును బ్లేడు ప్రక్కనుండు పట్టీకి ఆనించి, బ్లేడు వరుసకు ఎదురుగా నిలువక, అంగుళము చొప్పున బ్లేడును లేపుచు రెండంచులనుండియు కోయవలెను. కొసన చేతిని గాక తోపుడుకర్రను వాడవలెను. నడుమ మిగిలిన వ్రేలిమందపు బంధమును చేతిరంపముతో త్రెంచి, దాని గరుకును చిత్రికతో తీసివేయవచ్చును.