ఆటలో అరటిపండుకు చోటేది?

వీధిలో పిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటే ఎవరి చెల్లెలో తమ్ముడో, నాలుగేళ్లు నిండని పసిది, తనూ ఆడతానని పేచీ పెట్టడం మామూలే. పెద్దపిల్లలు ఒక్క మాటతో ఆ పేచీ తీర్చేస్తారు: "సరే, ఇది ఆటలో అరటిపండు." ఇక ఆ పిల్ల అందరితోపాటు పరిగెత్తుతుంది, దాక్కుంటుంది, దొరుకుతుంది. దొరికినా దొంగ మాత్రం కాదు. ఏడాది తిరిగేసరికి ఎక్కడ దాక్కుంటే దొరకదో దానికే తెలిసిపోతుంది, అరటిపండు పేరు పోయి లెక్కలోకి వచ్చేస్తుంది. పెద్దయ్యాక ఈ మాటను మనం చులకనగా వాడటం మొదలుపెడతాం గానీ, దాని వెనక పిల్లలు తమంతట తాము చేసుకున్న గొప్ప ఏర్పాటు ఉంది. ఆట చెడకుండా, చేతకానివాళ్లను వెళ్లగొట్టకుండా అందరూ కలిసి ఆడుకోవడం అది. ఇవాళ కోట్లమంది ఆడుతున్న ఆన్‌లైన్ వ్యూహక్రీడల్లో కరువైంది సరిగ్గా ఇదే. అక్కడ కొత్తవాళ్లు తినే తిట్లకు కారణం ఆడేవాళ్లంతా చెడ్డవాళ్లు కావడం కాదు. ఆడేవారి మధ్య తేడాయే ఉండకూడదన్న నమ్మకం మీద ఆ ఆటలు నడుస్తున్నాయి. తేడా కనబడగానే మోసపోయామనిపిస్తుంది, మోసపోయామనుకున్నవాడు నోరు పారేసుకుంటాడు.

ఆ నమ్మకం ఎక్కడిదో చూద్దాం. ఆన్‌లైన్ ఆటలో మనకు జోడీని వెతికిపెట్టేది మనిషి కాదు, ఒక అంకె. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో చదరంగం ఆటగాళ్ల బలాన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని స్వీకరించింది. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024లో 2800 దాటాడని పత్రికలు రాసింది ఈ లెక్క ప్రకారమే. ఈ పద్ధతి, దీని పిల్లలు, మనవలే నేటి ఆన్‌లైన్ ఆటల్లో ఎవరితో ఎవరు ఆడాలో తేలుస్తున్నాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే వంద ఆటల్లో పైవాడికి సగటున 76 పాయింట్లు వస్తాయని ఈ లెక్క చెబుతుంది. తేడా 400 అయితే 91. అంటే 200 పాయింట్లు తక్కువున్నవాడికి కూడా దాదాపు నాలుగో వంతు దక్కుతుంది. అంకె సగటు గురించి చెబుతుందే తప్ప ఈ పూట ఆట ఎలా సాగుతుందో చెప్పదు. పైగా కొత్తవాడి గురించి దానికేమీ తెలియదు. ఆన్‌లైన్ చదరంగ వేదిక లీచెస్‌లో కొత్తగా చేరినవారందరికీ మొదట ఇచ్చేది 1500. నిన్ననే గుర్రం నడక నేర్చుకున్నవాడికీ అదే, ఇరవయ్యేళ్లుగా క్లబ్బులో ఆడుతున్నవాడికీ అదే. కొన్ని ఆటలు గడిచేదాకా ఆ అంకె నిలకడకు రాదు. ఆ కొన్ని ఆటల్లోనే ఎవరో ఒకరు వాణ్ని తిట్టిపోస్తారు.

చదరంగంలో ఎదుటివాడు బలహీనుడైతే కనీసం గెలుపు మనదవుతుంది. జట్టు ఆటల్లో ఆ ఓదార్పు కూడా లేదు. 2009లో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను తీసుకోండి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ముఖపరిచయం కూడా లేనివాళ్లు అరగంటపాటు ఒకరి మీద ఒకరు ఆధారపడాలి. మన జట్టు కొత్తవాడు ఎదుటివాళ్లు ఎక్కడున్నారో చూసుకోకుండా నది దాటాడనుకుందాం. పొదలో మాటువేసిన ఇద్దరు వాణ్ని చంపేస్తారు. చంపినవాడికి 300 బంగారు నాణేలు ముడతాయి, వాటితో వాడు కత్తికి పదును పెట్టుకుంటాడు, ఆ కత్తి కాసేపట్లో మన మెడ మీదికి వస్తుంది. ఒకడి పొరపాటు శత్రువుకు మేతవుతుంది కనుకే అలాంటివాణ్ని 'ఫీడర్' అంటారు. చనిపోయినచోట మ్యాపు మీద మిగతా నలుగురూ ప్రశ్నార్థకం గుర్తులు టపటపా కొడతారు. అసలు ఆ గుర్తు శత్రువు కనబడటం లేదని హెచ్చరించడానికి పెట్టింది. దాన్నే "ఏం చేశావురా నువ్వు" అనే వెక్కిరింతగా మార్చేశారు. తర్వాత చాట్‌లో 'నూబ్' అంటారు, గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసుకో అంటారు. కోపం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఆట కట్టుబాటే దాన్ని రాజేస్తోంది. అయితే కోపం రావడం వేరు, దాన్ని వాడి మీద కక్కడం వేరు.

ఈ దూషణంతా ఎవరో కొందరు నోటిదురుసు మనుషుల పనేనని, వాళ్లను ఏరిపారేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. ఆ ఆట తయారుచేసిన రయట్ గేమ్స్ కూడా మొదట అలాగే అనుకుంది. తీరా లెక్క తీస్తే వేరే సంగతి బయటపడింది. ఆ సంస్థ లెక్క ప్రకారం, ఎప్పుడూ దురుసుగా ఉండేవాళ్ల వాటా మొత్తం చెడు ప్రవర్తనలో 13 శాతమే. మిగతా 87 శాతం మామూలు రోజుల్లో మర్యాదగానే ఆడేవాళ్లది. ఏదో ఒక రోజు, ఏదో ఒక ఆటలో వాళ్లు అదుపు తప్పుతారు. ఈ రెండంకెలను నేను ఆశ కలిగించే వార్తగానే చూస్తాను. స్వభావాన్ని మార్చడం కష్టం, సందర్భాన్ని మార్చవచ్చు. 2016లో నేచర్ పత్రికలో వచ్చిన కథనంలో రయట్ చేసిన ప్రయోగం ఒకటి ఉంది. జట్టువాళ్లను వేధిస్తే ఆట దెబ్బతింటుందన్న ఒక్క వాక్యాన్ని ఎర్రటి అక్షరాల్లో చూపిస్తే దూషణ 6.2 శాతం, బూతు మాటలు 11 శాతం తగ్గాయట. రంగు మారిస్తే అంత ప్రభావం లేదు. ఒక్క వాక్యానికి ఆ పాటి మార్పు వచ్చిందంటే, ఆ మనుషుల్లో మర్యాద చచ్చిపోలేదన్నమాట. ఎదురుగా కూర్చుని ఆడితే "బాబూ, ఆ గుర్రం చూసుకో" అని హెచ్చరించే మనిషే తెరముందు పిడికిలి బిగిస్తున్నాడు.

నైపుణ్యం ఉన్నవాళ్లే చేతకానివాళ్లను తిడతారన్న భావన కూడా సరైంది కాదు. హాలో 3 వ్యూహక్రీడ కాదు, కాల్పుల ఆట. అయినా దాని మీద జరిగిన ఒక పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. 2015లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో, జట్టులో ఆడగొంతు వినబడ్డప్పుడు ఎక్కువ కటువుగా మాట్లాడింది తక్కువ నైపుణ్యం ఉన్న మగవాళ్లు. బాగా ఆడేవాళ్లు ఆమెతో మంచిగానే ఉన్నారు. తమ స్థానం జారిపోతుందని భయపడేవాళ్లే తమకన్నా కిందివాళ్లను వెతుక్కుంటారని దీన్నిబట్టి నాకనిపిస్తుంది. నిజంగా ఆట తెలిసినవాడికి పక్కవాణ్ని తొక్కి పైకి లేవాల్సిన పని లేదు.

"నీతులు బాగానే ఉన్నాయి, ఇలాంటివాళ్ల వల్లే నా ర్యాంకు పెరగడం లేదు" అన్నది అందరికన్నా గట్టిగా వినిపించే ఆక్షేపణ. దీనికి జవాబు వేళ్ల మీద లెక్కపెట్టేంత తేలిక. పదిమంది ఆటలో మీరు పోగా మిగిలింది తొమ్మిదిమంది. మీ పక్కన నలుగురు, ఎదుట ఐదుగురు. ఆ తొమ్మిదిమందిలో ఒక చేతకానివాడు ఎటైనా పడవచ్చనుకుంటే, వాడు మీ జట్టులో ఉండే అవకాశం తొమ్మిదింట నాలుగు, అవతలి జట్టులో ఉండే అవకాశం తొమ్మిదింట ఐదు. వందల ఆటలు ఆడినవాడికి కొత్తవాళ్ల వల్ల నష్టం కన్నా లాభమే కాస్త ఎక్కువ. కాకపోతే ఎదుటి జట్టులో తడబడ్డవాడు మనకు గుర్తుండడు, ఆ గెలుపును మన ప్రతిభ ఖాతాలో వేసుకుంటాం. మన పక్కన తడబడ్డవాడి పేరు మాత్రం పడుకోబోయేదాకా నాలుక మీదే ఉంటుంది. అన్ని ఆటల్లోనూ మారకుండా ఉండే ఆటగాడు మీరొక్కరే కనుక, ర్యాంకు ఎక్కడ ఆగిందో వెతకాల్సింది కూడా మీ ఆటలోనే.

సున్నితంగా మాట్లాడితే ఎవడూ నేర్చుకోడు, నాలుగు చివాట్లు పెడితేనే బుద్ధి వస్తుందనేవాళ్లూ ఉన్నారు. తప్పు చెప్పాలన్నంతవరకు వాళ్ల మాట నిజమే. చెప్పే తీరు, చెప్పే వేళ దగ్గరే తేడా. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగంలో కొత్తవాడి ఆట గమనించండి. ముగ్గురు గ్రామస్తులతో, ఒక గుర్రపు రౌతుతో మొదలుపెడతాడు. గొర్రెలను వెతుకుతూ రౌతు వెంట పరుగెడతాడు, ఇల్లు కడతాడు, అడవి అందం చూస్తాడు. ఈలోపు ఊరి మధ్యలో టౌన్ సెంటర్ ఖాళీగా ఉంటుంది. ఒక్కో గ్రామస్తుడు తయారు కావడానికి పట్టేది 25 సెకన్లు, కావలసింది 50 పాళ్ల తిండి. నిమిషంపాటు టౌన్ సెంటర్ ఊరికే ఉంటే ఇద్దరు పనివాళ్లు తగ్గినట్టే, వాళ్లు కొట్టాల్సిన కట్టె, పండించాల్సిన పంట కూడా తగ్గినట్టే. ఆ ఆటలో 11 అంకె టైప్ చేస్తే పెద్ద నవ్వు వినిపిస్తుంది. దాన్ని కొట్టి వెక్కిరించవచ్చు. లేదంటే "టౌన్ సెంటర్ ఆగనివ్వకు" అని మూడు ముక్కలు రాయవచ్చు. రెండూ తప్పు చూపించేవే. మొదటిది విన్నవాడికి తను చెత్తగా ఆడుతున్నాడని తెలుస్తుంది, రెండోది చదివినవాడికి వచ్చే నిమిషంలో ఏం చేయాలో తెలుస్తుంది. యుద్ధం మధ్యలో ఇంతకుమించి చెప్పినా వాడి బుర్రకెక్కదు. మిగతాది ఆట అయ్యాక చెప్పుకోవచ్చు.

ఇంకో ఆక్షేపణ ఉంది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. బలహీనుడి మీద జాలిపడి కావాలని ఓడిపోవడం మర్యాద కాదు, అదొక రకం అవమానం. ఎదుటివాడికి ఒంటరి రాజు మాత్రమే మిగిలినప్పుడు ఆట కట్టకుండా, బంటునల్లా మంత్రిని చేసుకుంటూ నాలుగు మంత్రులతో వాడి చుట్టూ తిరగడం అంతకన్నా పెద్ద అవమానం. గెలవగలిగినప్పుడు గెలిచేయాలి. ఓడుతున్నవాడు కూడా గడియారం అయిపోయేదాకా బిగుసుకు కూర్చోకుండా ఉంటే ఇద్దరి పరువూ దక్కుతుంది. ఓర్పు అంటే ఏదైనా భరించడమని కూడా నా ఉద్దేశం కాదు. జట్టును ముంచాలని కావాలనే చచ్చేవాడి మీద ఫిర్యాదు చేయాల్సిందే. అలాగే, పైస్థాయి ఆటగాళ్లు దొంగ ఖాతాలు తెరిచి కొత్తవాళ్ల మధ్యకు దిగి కోళ్లగూట్లో పిల్లుల్లా విరుచుకుపడతారు. వీళ్లనే 'స్మర్ఫ్'లు అంటారు. 2023 సెప్టెంబరులో డోటా 2 నిర్వాహకులు ఇలాంటి 90,000 ఖాతాలను నిషేధించారు. కొత్తవాడు మొదటి పది ఆటల్లో ఘోరంగా ఆడాడంటే, అందులో కొన్నింటిలో వాడికి ఎదురుపడ్డది అసలు వాడి స్థాయివాడే కాకపోవచ్చు.

తేడాను దాచకుండా, జాలి చూపకుండా ఆడటానికి పాత ఆటలు ఎప్పుడో దారి కనిపెట్టాయి. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన పాల్ మార్ఫీ యూరప్ దిగ్గజాలను ఓడించి వచ్చాక, ఒక బంటు తీసేసి, మొదటి ఎత్తు ఎదుటివాడికిచ్చి తప్ప ఇక ఆడనన్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో అది గొప్పల కోసం చేసిన పని కాదు, అలా ఆడటం అప్పటి రివాజు. చైనాలో పుట్టిన గో ఆటలో ఆ రివాజు నేటికీ చెక్కుచెదరలేదు. అడ్డం 19, నిలువు 19 గీతల పలక మీద, బలహీనుడు ముందుగానే రెండు నుంచి తొమ్మిది నల్లరాళ్లు పేర్చుకుంటాడు. స్థాయిలో ఒక్కో మెట్టు తేడాకు దాదాపు ఒక్కో రాయి. ఆ తర్వాత బలవంతుడు తన బలమంతా పెట్టి ఆడతాడు. ఎవరూ ఎవరికీ దయ చూపరు, ఎవరికీ సిగ్గు ఉండదు, ఇద్దరికీ గెలిచే అవకాశం ఉంటుంది. ఆట ముగిశాక గురువూ శిష్యుడూ అవే రాళ్లను మొదటినుంచి మళ్లీ పేర్చుకుంటూ వస్తారు. ముప్పయ్యో రాయి దగ్గర పెద్దవాడు చెయ్యి ఆపి, "ఇక్కడ కాదు, ఇక్కడ పెట్టి ఉంటే?" అని రాయిని ఒక గడి పక్కకు జరుపుతాడు. ఆన్‌లైన్‌లో గో ఆడేవాళ్లు ఈ అలవాటును వదలకుండా తెర మీదికి తెచ్చుకున్నారు. కొన్ని నెలలకు, తొమ్మిది రాళ్లతో మొదలైనవాడి ముందు ఎనిమిదే ఉంటాయి.