జర్మనీ దేశమున రైలు ప్రయాణము

దూరదేశములు చూచివచ్చినవారు తఱచు కోటలను, మేడలను వర్ణింతురు. మేము వ్రాయబోవునది రైలుపెట్టె మీది అంకెలనుగూర్చి. ఇది వర్ణనకు తగిన వస్తువా యని నవ్వకుడు. ఆ అంకెలను చదువకపోవుటచేతనే కిందటి వేసవిలో మేమొక నగరమునకును, మావారును పిల్లయు వేఱొక నగరమునకును పోవలసియుండి, కొలది నిమిషములలో తప్పించుకొంటిమి.

మా తమ్మునికి హనోవరు నగరమున ఉద్యోగము. మా చెల్లెలు కొలోను నగరమున కాపురమున్నది. ఆమె నీళ్లాడు దినములు దగ్గఱపడుటచే, బడి సెలవులలో మావారును, మేమును, ఏడేండ్ల అమ్మాయియు ఆ దేశమునకు పోయితిమి. తమ్ముని యింట వారము దినములుండి, అక్కడినుండి కొలోనుకు రైలెక్కితిమి.

ముందునాటి రాత్రి తమ్ముడు మాకు రైళ్ల పద్ధతి బోధించెను. అక్కడి స్టేషనులలో వాకిట టికెట్టు చూచి లోనికి విడుచువారు లేరు. ఎవరైనను తిన్నగా ప్లాట్‌ఫారము మీదికి పోవచ్చును. రైలు కదలిన పిదపనే టికెట్టు చూతురు. టికెట్టు వేఱు, కూర్చుండు చోటు వేఱు. చోటు కావలెనన్న దానికి మఱికొంత రుసుము చెల్లించి నిలుపుకొనవలెను. ముందుగా కొన్న చౌక టికెట్టు ఆ యొక్క రైలునకే చెల్లును. గమ్యము చేరుటకు 20 నిమిషములు గాని అంతకు మించి గాని ఆలస్యమగునని తెలిసినచో మాత్రము వేఱు రైలెక్కవచ్చును. గంట ఆలస్యమైనచో వెలలో నాలుగవ వంతును, రెండు గంటలైనచో సగమును సామాన్యముగా తిరిగి యిత్తురు. ఆఱేండ్లలోపు పిల్లలకు టికెట్టే యక్కఱలేదు. 6 మొదలు 14 ఏండ్ల వారు పెద్దలతో పోవునపుడు వెల లేదు గాని, వారి లెక్క టికెట్టు మీద నుండవలెను.

జర్మనీ రైళ్లు గడియారమువలె నడచునని మనమందఱము వినియున్నాము. ఆ కీర్తి కొంత పాతబడినది. 2024వ సంవత్సరమున దూరపు రైళ్లలో నూటికి 62 పై చిల్లర మాత్రమే వేళకు చేరినవి. అదియును, ఆఱు నిమిషముల లోపలి ఆలస్యమును ఆలస్యముగా నెంచకుండ కట్టిన లెక్క. త్వరలేనివారికి దగ్గఱయూళ్ల రైళ్లు కలవు. వీని కన్నిటికిని చెల్లునట్టి నెలసరి టికెట్టును 2023 మే నెలలో 49 యూరోలకు ప్రవేశపెట్టిరి. 2025లో దాని వెల 58 యూరోలైనది. ఈ టికెట్టుతో వేగపు రైళ్లెక్కరాదు.

తమ్ముడు చివర చెప్పినది పెట్టెల అంకెలనుగూర్చి. అప్పటికి చాల ప్రొద్దుపోయినందున మేము తల యూపితిమేగాని వినలేదు. మావారున్నారుగదా యని ధైర్యము.

మఱునాడు రైలు వచ్చువేళకు మావారు పిల్లకు రొట్టె కొనుటకై దిగువ అంగళ్లకు పోయియుండిరి. తమ్ముడు మమ్మును సామానును 24వ పెట్టెలో చేర్చి, తన పనికి పోయెను. రైలు కదలబోవు క్షణమున మావారు పిల్ల చేయి పట్టుకొని మెట్లెక్కి పరుగున వచ్చి, ఎదుట నున్న తలుపున నెక్కుట కిటికీనుండి చూచితిమి. లోపలి దారిని నడచి వత్తురులే యని నిశ్చింతగా కూర్చుంటిమి.

ఆ దేశమున మొదటి ఆవిరిరైలు 1835 డిసెంబరు 7వ తేదీన న్యూరెంబర్గునుండి ఫ్యూర్తు వఱకు ఆఱు కిలోమీటర్లు నడచినదట. పండ్రెండేండ్లలో, అనగా 1847 నాటికి, కొలోను నుండి మిండెను వఱకు ఇనుప దారి పడినది. మేము పోవుచున్న దారిలో కొంత భాగము అదియే. మిండెను దాటగానే వేసరు నది కొండలను చీల్చుకొని పాఱుచోటు కానవచ్చును. పిల్లకు దానిని చూపవలెనని తిరిగి చూచితిమి. పిల్ల లేదు.

లేచి పెట్టెవెంట పెట్టె వెదకుచు పోయితిమి. కడపటి పెట్టె యవతల త్రోవ లేదు. రెండు పూర్తి రైళ్లను ముక్కునకు ముక్కు చేర్చి తగిలించియున్నారు. ఒకదానినుండి మఱియొకదానికి లోపలినుండి పోవుటకు వీలులేదు. మావారి సెల్‌ఫోను మా సంచిలోనే మ్రోగుచున్నది. టికెట్టులన్నియు మా యొద్దనే యున్నవి. బీలెఫెల్డు స్టేషనున రైలాగినపుడు తలుపున నిలిచి చూచితిమిగాని, జనసమ్మర్దమున వారు కానరాలేదు. దిగుటకు ధైర్యము చాలలేదు. భారతమున నలుడు దమయంతిని విడుచుటకు ముందు విదర్భకు పోవు త్రోవయైనను చూపెను. మాకు త్రోవ చూపువారే యావలి రైలులో నుండిరి.

అంతలో టికెట్టులు చూచు ఉద్యోగిని వచ్చి, “ఇద్దఱు పెద్దలు, ఒక బిడ్డ యని యున్నది, తక్కినవారెక్కడ?” అని ఇంగ్లీషున అడిగినది. చెప్పగానే ఆమె ముఖము మాఱినది. తరువాతి స్టేషను హామ్. అక్కడ ఈ రైలు రెండగును: మేమున్న సగము వూపర్టాలు మీదుగా కొలోనుకు, మావారున్న సగము డార్ట్‌ముండు, ఎస్సెను మీదుగా డుసెల్డార్ఫునకు. ఆమె తన ఫోనులో రెండవ సగమందలి తోటి ఉద్యోగితో మాటలాడినది. మావారును పిల్లయు 33వ పెట్టెలో దొరకిరి.

హామ్ స్టేషనున ఆ యుద్యోగియే వారిని దింపి మా తలుపు వఱకు తెచ్చి విడిచెను. పిల్ల చేతిలో సగము తిన్న రొట్టె యున్నది. ఊరి పిల్లల కందఱకు భూగోళము చెప్పు మావారు మారు పలుకక కూర్చుండిరి. డుసెల్డార్ఫు నుండి కొలోనుకు దూరము నలుబది కిలోమీటర్లేయని తరువాత తెలిసినది. పోయినను సాయంత్రమునకు కలిసియుందుము. కాని ఆ యరగంట మాకా సంగతి తెలియదు.

కొలోను చేరుటకు రైలు రైను నది వంతెనమీదుగా పోవును. ఎదుటనే, స్టేషనును ఆనుకొనియున్నట్లు, 1248లో మొదలిడి 1880లో ముగించిన గొప్ప దేవాలయపు జంట గోపురములు నిలిచియున్నవి.

ఆ ప్రయాణమున మేము నేర్చినది చెప్పెదము. ప్లాట్‌ఫారము పొడుగునను ఎ, బి, సి అక్షరములు కట్టియుందురు. ఏ పెట్టె ఏ యక్షరమువద్ద నిలుచునో పలకమీద చూపుదురు. పెట్టె తలుపుచెంత దాని అంకెయు, అది చేరు ఊరును కనబడును. మా రైలున ఒక సగమునకు ఇరువదుల అంకెలు, రెండవదానికి ముప్పదులవి. ప్రతివారియొద్దను టికెట్టు ప్రతియు, పోవు ఊరి పేరును, ఫోనును ఉండవలెను. పిల్లల జేబులో సైతము ఒక చీటి యుంచవలెను. అన్నిటికంటె ముఖ్యము, చదువు వచ్చిన ఇల్లాలు చదువని ఇల్లాలివలె వెంబడి నడువరాదు. కావ్యములు చదివిన కన్నులకు పలకమీది రెండంకెలు భారము కావుగదా!

చెల్లెలు సుఖముగా ప్రసవించి మగబిడ్డను కన్నది. మూడు వారములకు తిరిగి హనోవరుకు వచ్చునపుడు పలక మేమే చదివి, మా యక్షరముక్రింద ముందుగా నిలిచితిమి. మావారు సామాను మోసికొని మా వెనుక వచ్చిరి. వచ్చునపుడు విడిపోవు సగములు పోవునపుడు ఆ హామ్‌లోనే కలిసికొనుచుండెను. పిల్ల కిటికీకి ముఖ మానించి, రెండు రైళ్లు తగులుకొను చప్పుడు వినువఱకు కదలలేదు.