ఒక తోడేలుకు ఎన్ని ఎకరాల గడ్డి?

పశ్చిమ కర్నూలులోని ఆస్పరి మెట్టలో ఖరీఫ్ జొన్న వేసిన ఒక ఎకరాన్ని తీసుకుందాం. అక్కడ రోజుకు చదరపు మీటరుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. కరెంటు బిల్లులో చూసే యూనిట్టే ఇది. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి 110 రోజుల పంటకాలంలో ఆ చేను మీద పడే ఎండ దాదాపు 22 లక్షల యూనిట్లు. వానాధారంలో ఆ ఎకరం 6 క్వింటాళ్ల గింజ, 18 క్వింటాళ్ల చొప్ప ఇచ్చిందనుకుందాం. రెండింటిలో నిలిచిన శక్తిని కూడితే 10,800 యూనిట్లు. వేళ్లను, మొక్క ఊపిరికి తానే వాడుకున్న దాన్ని పక్కన పెడితే, వచ్చిన ఎండలో పంట పట్టుకున్నది అర శాతం.

మిగిలింది ఎటు పోయింది? ఎండలో దాదాపు సగం ఆకుకు పనికొచ్చే వెలుగే కాదు. మొదటి నెలంతా ఆకు కంటే నేలే ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి ఆ ఎండ మన్నును కాల్చడానికే సరిపోతుంది. పెద్ద అడ్డంకి మాత్రం నీరు. ఒక కిలో పొడి పదార్థం కూడగట్టడానికి జొన్న సుమారు 300 లీటర్ల నీటిని ఆకుల గుండా గాలిలోకి వదులుతుంది. మన ఎకరంలో తయారైన 2,400 కిలోలకు 7 లక్షల 20 వేల లీటర్లు, అంటే దాదాపు 180 మిల్లీమీటర్ల వాన నేరుగా వేరుకు అందాలి. పారిపోయేది, ఆవిరయ్యేది దీనికి అదనం. పశ్చిమ కర్నూలులో ఎండకు కొదవ లేదు. ఇక్కడి ఆహార గొలుసు పొడవును తేల్చేది మేఘం.

6 క్వింటాళ్ల గింజలో ఉన్నది 2,435 యూనిట్లు. మనిషికి రోజుకు 2,100 కిలో కేలరీలు కావాలంటే ఏడాదికి 890 యూనిట్లవుతుంది. లెక్క ప్రకారం ఎకరం జొన్న ముగ్గురికి కూడా ఏడాది పొడుగునా సరిపోదు. రొట్టె ఒక్కటే తిని బతుకుతారా అని అడగకండి, ఇది శక్తి లెక్క మాత్రమే.

ఇప్పుడు ఆహార గొలుసులో రెండో మెట్టు. పడావు పొలంలో మేసే 20 కిలోల గొర్రెపిల్ల రోజుకు సుమారు 700 గ్రాముల పొడి మేత తింటుంది. అందులో 3.25 యూనిట్లుంటాయి. అది రోజుకు 70 గ్రాములు పెరిగితే ఒంట్లో నిలిచింది 0.2 యూనిట్, అంటే 6 శాతం. ఇంచుమించు సగం పెంటికలుగా బయటికొస్తుంది. మిగతాది మూత్రం, గ్యాసు, నడక, అన్నిటికంటే ఎక్కువగా ఒంటి వేడి. కోత అయిన చేలో గొర్రెల మందను నిలిపించుకునే రైతు పెంటికల్లో పోయిన ఆ సగాన్ని నేలకు తిరిగి రాబట్టుకుంటున్నాడు. పేడపురుగులు, చెదలు, మన్నులోని సూక్ష్మజీవులు దాని మీదే బతుకుతాయి.

మాంసం తింటే తిండి వృథా అనే వాదన ఇక్కడ సగమే నిజం. గడ్డిని మనిషి అరిగించుకోలేడు, గొర్రె అరిగించుకుంటుంది. ఆ గొర్రెకు జొన్నగింజలు పెట్టి పెంచితే మాత్రం 94 శాతం నష్టం మన కంచంలోంచే పోయినట్టు.

పాఠ్యపుస్తకాలు మెట్టు మెట్టుకూ 10 శాతమే పైకి వెళ్తుందంటాయి. ఈ రకం లెక్కకు దారి వేసింది జీవావరణ శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్. మినసోటాలోని సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును కొలిచి రాసిన ఆయన వ్యాసం 1942లో అచ్చయింది. అది అచ్చులో చూడకుండానే 27వ ఏట కన్నుమూశాడు. ఆయన సరస్సులో మొక్కలు పట్టుకున్నది ఎండలో 0.1 శాతం. తమ కింది మెట్టులో ఉన్నదానిలో శాకాహారులు పట్టుకున్నది 13.3, వాటిని తినేవి 22.3 శాతం. 1957లో హోవర్డ్ ఓడమ్ ఫ్లోరిడా సిల్వర్ స్ప్రింగ్స్‌లో తేల్చిన అంకెలు వేరు: చదరపు మీటరుకు ఏడాదికి మొక్కల దగ్గర వాటి ఊపిరికి పోగా 8,833 కిలో కేలరీలు మిగిలితే, శాకాహారులకు 3,368, వేటాడే వాటికి 383, ఆ పైవాటికి 21. పది అనేది ఎక్కడా కొలిచి పెట్టిన స్థిరాంకం కాదు, గుర్తుంచుకోవడానికి వీలైన సగటు.

ఒంటి వేడి అసలు తేడా చేస్తుంది. మిడత తాను అరిగించుకున్న దానిలో 40 శాతం దాకా ఒళ్లు చేసుకోగలదు. పాలిచ్చే జంతువులు, పక్షులు 1 నుంచి 3 శాతం మించవు. లేత గొర్రెపిల్ల పెరిగే వయసులో ఉంది కాబట్టి మెరుగ్గా కనిపించింది. అందుకే మిడతలను ఏరుకు తినే తొండలకు, బట్టమేక పిట్టకు గడ్డి నేల పెద్ద విందు.

జింకల సంగతికొద్దాం. ఆస్పరి, ఆదోని, ఆలూరు వైపు రైతులకు కృష్ణజింక రాష్ట్ర జంతువుగా కంటే పంట తినే జంతువుగానే ఎక్కువ తెలుసు. ఒక జింక రోజుకు సుమారు కిలో పొడి మేత తింటుంది. వంద జింకల మంద తినేది వంద కిలోలు. మొలిచి రెండు వారాలైన ఎకరం వేరుశనగలో ఉన్న మొత్తం పొడి బరువు వంద కిలోలకు మించదు. ఒక్క రాత్రిలో చేను ఊడ్చుకుపోయిందని రైతు అంటే అందులో అతిశయోక్తి లేదు.

మూడో మెట్టున తోడేలు. రోజుకు కిలోన్నర మాంసం చొప్పున ఏడాదికి దాదాపు 550 కిలోలు. జింకకు 20 కిలోల మాంసం వేసుకుంటే 27 జింకలు. ఏటా నాలుగో వంతు పోయినా మంద తరగకూడదంటే 110 జింకలుండాలి. వాటికి ఏడాదికి 40 టన్నుల గడ్డి. ఎకరాకు టన్ను గడ్డి మొలిచి, అందులో మూడో వంతే జింకకు దక్కితే 120 ఎకరాలు కావాలి. ఆ 40 టన్నుల్లో ఉన్న శక్తి లక్షా 86 వేల యూనిట్లు, తోడేలు కడుపులోకి చేరింది 760. అర శాతం కూడా కాదు!

ఆరు తోడేళ్ల గుంపుకు ఇదే లెక్కన 720 ఎకరాలు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటై ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే సుమారు 1,500 ఎకరాలు. మొత్తం గడ్డే అయినా రెండు గుంపులకు మించి సరిపోదు. నిజానికి తోడేళ్లు కుందేళ్లను, ఎలుకలను, దొరికితే గొర్రెలనూ తిని ఈ లోటు పూడ్చుకుంటాయి. కాపరికి నష్టం వచ్చేదీ అక్కడే.

గడ్డి బీళ్లను బంజరు కింద జమకట్టి పంచేసే ముందు ఈ ఎకరాల లెక్క ఒకసారి వేయాలి. బీడు తగ్గితే జింక చేలోకి వస్తుంది, తోడేలు మందలోకి వస్తుంది. ఆ రెండింటి మేత ఖర్చూ రైతు, కాపరి భరించాల్సి వస్తోంది కాబట్టి, నష్టపరిహారం దయ కాదు, వాళ్లకు రావాల్సిన బాకీ.