నడక చూసి పేరు పెట్టేస్తే ఎట్టా?

కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట వినని కుర్రోళ్లు తక్కువ: "ఆడు కొంచెం తేడారా." మగపిల్లోడు మెత్తగా మాట్లాడితే ఆడంగోడు అంటారు. ఆడపిల్ల క్రాపు కొట్టించుకుని బండి నడిపితే మగరాయుడు అంటారు. కాలేజీలో పాయింట్ ఫైవ్ అని పేరు పెడతారు. మిరపకోతల కాడ పెద్దోళ్లు కూడా చూసి నవ్వుతారు. నవ్వినోళ్లు సాయంత్రానికి మర్చిపోతారు. పడ్డోళ్లు మాత్రం బడి మానేస్తారు, కొందరు ఊరే వదిలిపోతారు.

మనం ఈడ రెండు సంగతులు కలిపేస్తున్నాం. నడక, మాట, బట్టలు ఒకటి. తాను ఆడా, మగా, ఆ రెండూ కాదా అని లోపల తనకు తెలిసేది ఇంకొకటి. మెత్తగా నడిచే అబ్బాయిలంతా ట్రాన్స్‌జెండర్లు కారు. కొందరికి మాత్రం పుట్టినప్పుడు రాసింది తమది కాదని చిన్నప్పుడే తెలుస్తది. ఇంకొందరికి అది అర్థమయ్యేసరికి ఇరవై దాటుద్ది. ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి ఇది. దానికి టైం పడుద్ది. ఊరేమో ఆ టైం ఇవ్వకుండా ముందే తీర్పు చెప్పేస్తది.

ఇంట్లోవాళ్లకు తోచే మందు పెళ్లి. "మూడు ముళ్లు పడితే అదే సర్దుకుంటది" అంటారు. సర్దుకోదు. ఏ పాపం తెలియని ఇంకొకరి బతుకు కూడా అందులో ఇరుక్కుంటది. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన పట్టికలో దీన్ని మానసిక జబ్బుల్లోంచి తీసేసింది. "మార్చేస్తాం" అని వైద్యం చెయ్యటం డాక్టర్లకు తప్పేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది.

ఆడా మగా అని చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ట్రాన్స్‌జెండర్‌ను ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టటాన్ని 2019 చట్టం నేరం చేసింది. మన ఒంగోలులో ఒక ట్రాన్స్ మహిళ భర్త మీద పెట్టిన వేధింపుల కేసు హైకోర్టు దాకా పోయింది. పిల్లల్ని కనలేదు కాబట్టి ఆమె ఆడదే కాదని అవతలివాళ్ల వాదన. 2025 జూన్‌లో కోర్టు ఆ వాదన చెల్లదంది. సాక్ష్యం చాల్లేదని కేసు కొట్టేసింది గానీ, ఆమె మహిళేనని, 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఉందని తేల్చింది.

నీ లోపలే ఈ ప్రశ్న ఉంటే తొందరపడొద్దు, భయపడొద్దు. ఎవరో చెప్పారని మందుల షాపులో హార్మోన్ మాత్రలు కొనొద్దు, దొంగ ఆపరేషన్ల జోలికి అసలే పోవద్దు. నమ్మకమైన మనిషి ఒక్కరికి చెప్పుకో. చెప్పుకునేవాళ్లు లేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిగతా కుర్రోళ్లకు ఒకటే మాట. నీ జట్టులో అట్టాంటి వాళ్లుంటే గుచ్చిగుచ్చి అడగొద్దు, ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతో పిలువు. పక్కనోడు నవ్వబోతే ఆపు.