గాలి వీచని రోజు లియెజి ఏం చేస్తాడు?

ప్రాచీన చైనాలో లియెజి అనే జ్ఞానికి గాలి మీద తిరగడం వచ్చునని ప్రతీతి. ఒకసారి బయలుదేరితే 15 రోజులకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. తావో తత్త్వానికి మూలగ్రంథాల్లో ఒకటైన 'జువాంగ్‌జి' మొదటి అధ్యాయం ఈ విద్యను మెచ్చుకుంటూనే ఒక లోపం పట్టింది. ఈయనకు నడిచే శ్రమ తప్పింది కానీ, గాలి కోసం కాచుకునే పని తప్పలేదు.

ఆ గ్రంథానికి పేరిచ్చిన జువాంగ్ జౌ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం వాడు. లక్క చెట్ల తోట ఒకదానిలో చిన్న ఉద్యోగం చేశాడని, మంత్రి పదవి పిలిచి ఇస్తామంటే వద్దన్నాడని చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. పదవి వద్దన్నవాడి మాటలు రెండు వేల ఏళ్లుగా నిలిచాయి. 

లియెజి విషయంలో ఆ గ్రంథం వాడిన మాట 'దాయ్'. దీనికి చైనా భాషలో రెండర్థాలు: ఎదురుచూడటం, ఆధారపడటం. రెండూ ఒకే అక్షరంలో ఇమడటం ఆశ్చర్యమేమీ కాదు. దేని మీదైనా ఆధారపడ్డవాడు అది వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు. గాలి వీచని రోజు లియెజి కూడా మనలాగే గుమ్మంలో నిలబడి ఉంటాడు.

ఇదే అధ్యాయం పెంగ్ అనే మహాపక్షితో మొదలవుతుంది. ఉత్తర సముద్రంలోని ఒక చేప పక్షిగా మారి, దక్షిణ సముద్రానికి పయనమవుతుంది. 90,000 లీల ఎత్తుకు లేస్తుంది. లీ అంటే నాటి కొలతలో 400 మీటర్ల పైచిలుకు. అంటే ఈ పక్షి ఇంచుమించు మన టీవీ ఉపగ్రహాలు తిరిగే ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి ఉండదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

తెలియకపోవడమే మేలయింది, ఎందుకంటే ఇక్కడ వాదనంతా గాలి గురించే. నేల మీది గుంటలో చిప్పెడు నీళ్లు పోస్తే గడ్డిపరక పడవలా తేలుతుంది. అదే నీళ్లలో చిప్పను పెడితే అడుగు తగిలి నిలిచిపోతుంది. అలాగే, అంత పెద్ద రెక్కలను మోయాలంటే కింద అంత మందాన గాలి పేరుకోవాలి. పెంగ్‌ను చూసి ఒక కీచురాయి, ఒక చిన్న పావురం నవ్వుతాయి: ఎదురుగా ఉన్న చెట్టెక్కితే చాలదా, ఒక్కోసారి అదీ అందక నేల మీద పడితే మాత్రం ఏమిటి అని. పాఠకులు సాధారణంగా పెంగ్ పక్షాన చేరతారు. తనను కీచురాయితో పోల్చుకున్న పాఠకుణ్ణి నేనింతవరకు చూడలేదు. నిజానికి పెద్ద పక్షికి కావలసిన సరంజామా పెద్దది. ఎదురుచూపూ పెద్దదే.

తరువాత సోంగ్ రోంగ్‌జి అనే ఆయన వస్తాడు. లోకమంతా పొగిడినా పొంగడు, లోకమంతా తెగిడినా కుంగడు. ఇంత సాధించినవాడికీ గ్రంథం పూర్తి మార్కులు వేయలేదు. కారణం విడమరచలేదు. ఆయన 'నేను' వేరు, 'లోకం' వేరు అని గట్టిగా గీత గీసుకోవడమే ఆ కారణమని నా ఊహ. ఆ గీతను కాపలా కాయడం కూడా ఒక పనే.

మరి దేనిమీదా ఆధారపడనివాడు ఎవరు? రెండో అధ్యాయంలో నీడను దాని అంచు ప్రశ్నిస్తుంది, నీకు నిలకడ లేదేమిటని. నేను వేరొకదాన్ని బట్టి కదులుతున్నానేమో, అది మరొకదాన్ని బట్టి కదులుతోందేమో అంటుంది నీడ. ఈ గొలుసుకు కొస దొరకదు. కాబట్టి ఆధారాలను ఒక్కొక్కటే తెంచుకుంటూ పోయి స్వేచ్ఛను చేరే మార్గం లేదు.

మొదటి అధ్యాయం చూపేది వేరే దారి. ఆకాశం, భూమి ఎలా నడిస్తే అలా, వాటి మార్పుల మీదే స్వారీ చేసేవాడు ఇక దేని కోసం ఎదురుచూడాలి అని ప్రశ్న వేసి ఊరుకుంటుంది. ఇక్కడ ఆధారం వేరు, షరతు వేరు. అలాంటివాడు గాలిని వదులుకోడు, ఫలానా గాలే వీచాలని పట్టుబట్టడు. లియెజికి ఒక గాలి కావాలి. ఇతనికి ఏ గాలైనా, గాలి లేకపోవడమైనా ప్రయాణమే.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే భారం వ్యాఖ్యాతల మీద పడింది. వారిలో ప్రముఖుడు క్రీస్తుశకం 312లో మరణించిన గువో షియాంగ్. నేడు మనకు దొరికే 33 అధ్యాయాల కూర్పు ఆయనదే. వ్యాఖ్యలో చాలా భాగం షియాంగ్ షియూ అనే మరొకరిది కాజేశాడని పాత అభియోగం ఉంది. పరాధీనత మీద గ్రంథానికి అదీ ఒక రకం వ్యాఖ్యానమే. పెంగ్ ఆకాశంలో, పిట్ట పొదలో, ఎవరి స్వభావానికి తగ్గట్టు వారుంటే ఇద్దరి స్వేచ్ఛా సమానమే అన్నాడు గువో షియాంగ్. వినడానికి హాయిగా ఉంటుంది. చెప్పినవాడు ఉన్నతోద్యోగి అని గుర్తొచ్చినప్పుడు ఆ హాయి కొంచెం తగ్గుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం తెచ్చినవాడు బౌద్ధభిక్షువు జీ దున్ (314–366). అంటే అవతలివాడు పోయిన రెండేళ్లకు పుట్టాడు. వాదానికి ఇంతకన్నా సౌకర్యమైన ప్రత్యర్థి దొరకడు. స్వభావాన్ని అనుసరించడమే స్వేచ్ఛ అయితే, క్రూరత్వమే స్వభావమైన జియే రాజూ, గజదొంగ జీ కూడా ముక్తపురుషులే కావాలి కదా అన్నాడు. తృప్తి స్వేచ్ఛ కాదు. ఆకలిగొన్నవాడు ఒక పూట కడుపు నిండాక పొందే సుఖం లాంటిదది, మరుసటి పూట మళ్లీ ఎదురుచూపే. నాకు ఈయన మాటే సబబుగా తోస్తుంది.

ఇదే జీ దున్‌కు కొంగలంటే ప్రాణమని 5వ శతాబ్దపు సంకలనం 'షిషువో షిన్‌యూ' చెబుతుంది. ఎవరో ఒక జత ఇచ్చారు. రెక్కలు వచ్చి ఎగరబోతుంటే, వదల్లేక ఈకలు కత్తిరించాడు. అవి రెక్క విప్పి చూసుకుని తల వాల్చేశాయి. అప్పుడాయన వాటిని మళ్లీ ఈకలు పెరిగేదాకా సాకి, ఎగిరిపోనిచ్చాడు.