పాత బండి, పాత కాడి కొంటున్నారా? బేరానికి ముందు ఎద్దు మెడ చూసుకోండి

కోనసీమలో ఎడ్ల బండ్లు బాగా తగ్గిపోయాయి. దమ్ముకు ట్రాక్టరు వచ్చింది, మోతకు ఆటో వచ్చింది. అయినా ఎకరం, అరెకరం ఉన్న రైతుకు బండితో ఇంకా పని ఉంది. కొబ్బరితోటల మధ్య సన్నటి పుంతదారుల్లో, లంకల్లో ఇసుక మేటల మీద, డీజిలు డబ్బులు పెట్టుకోలేని చిన్న మోతలకు ఎద్దుల జతో దున్నపోతుల జతో ఉన్నవాళ్లు బండినే కడుతున్నారు.

కొత్త బండి చేయించాలంటే కలప ఖరీదు, పనితెలిసిన వడ్రంగి దొరకడం కష్టం. మరోపక్క ఎడ్లు అమ్మేసుకున్న ఇళ్లలో బండీ కాడీ చావిట్లో మూలపడి ఉంటున్నాయి. అందుకని పాతవాటికి బేరాలు జరుగుతున్నాయి. పాతది కొనడంలో తప్పు లేదు. అయితే చాలామంది చక్రాలు చూస్తారు, రంగు చూస్తారు, ధర తగ్గించమంటారు. ఎద్దు మెడ మీద పడే కాడిని మాత్రం బండితో పాటు ఊరికే వచ్చిన వస్తువులా చూస్తారు. నష్టం వచ్చేది అక్కడే. మెడ పుండు పడితే ఎద్దు వారాల తరబడి కట్టుకి రాదు. సరిగ్గా కొబ్బరి దింపు రోజుల్లో అయితే మోతకు కిరాయి, ఎద్దుకి మేత, మందులు అన్నీ మన నెత్తినే.

ఒకరి ఎడ్ల కాడి మరొకరి ఎడ్లకు కుదరదు

కాడి మూపురానికి ముందు, మెడ మీద ఆనుతుంది. ఒంగోలు జాతి పెద్ద ఎడ్లకు చేయించిన కాడి మన నాటు ఎడ్ల మీద వేస్తే వదులై అటూ ఇటూ జారుతుంది. జారిన ప్రతిసారీ చర్మం ఒరుసుకుంటుంది. చిన్న ఎడ్ల కాడి పెద్దవాటికి వేస్తే మెడను పక్కల నుంచి నొక్కేస్తుంది. దున్నపోతుకు మూపురం ఉండదు, మెడ తీరు వేరు. ఎడ్ల కాడి దానికి నిలవదు.

బేరానికి వెళ్లేముందు ఒక తాడు తీసుకుని మీ రెండు పశువుల మెడ వెడల్పూ కొలిచి ముడులు వేసుకోండి. కాడి పుల్లల మధ్య ఎడం ఆ కొలతకు కొద్దిగా ఎక్కువ ఉండాలి. పుల్లకూ మెడకూ మధ్య వేళ్లు సులువుగా దూరాలి. కాడి మొత్తం పొడవు కూడా చూడాలి. పొట్టిదైతే ఎడ్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, కొమ్ములు తగులుతాయి. మరీ పొడుగైతే మలుపు తిరిగినప్పుడల్లా మెడ మెలిపడుతుంది.

కాడిని చేత్తో తడమాలి

కంటితో చూస్తే చాలదు. మెడ ఆనే చోట అరచేత్తో నెమ్మదిగా రాసి చూడండి. పేడు లేచిన చోటు, మేకు మొన, పగులు అంచు ఉంటే చేతికి తగులుతాయి. మన అరచేతికి గుచ్చుకున్నది ఎద్దు మెడకు రోజంతా గుచ్చుకుంటుంది.

తరవాత అరుగుదల చూడాలి. ఏళ్ల తరబడి వాడిన కాడి మెడ ఆనే చోట గుంటపడి నున్నగా ఉంటుంది. రెండు పక్కలా ఒకేలా అరిగితే మంచిదే. ఒక పక్క ఎక్కువ అరిగితే పాత జతలో ఒక ఎద్దే భారం మోసిందన్నమాట. ఆ గుంట మీ ఎద్దు మెడకు సరిపడదు, వడ్రంగి చేత చెక్కించాల్సిందే.

ముఖ్యమైనది నడిమి కట్టు. నొగను కాడికి కట్టే చోటు రెండు వైపులకీ సమానదూరంలో ఉండాలి. అది ఓ పక్కకు జరిగితే దగ్గరగా ఉన్న ఎద్దు మీద బరువు ఎక్కువ పడుతుంది. జతలో బలహీనమైన ఎద్దు ఉంటే కొందరు కావాలనే కట్టు జరుపుతారు. వాళ్లకది పనికొచ్చింది, మీకు పనికిరాదు.

మెడ ఆనే భాగం వెడల్పుగా, అంచులు గుండ్రంగా ఉన్న కాడి మంచిది. బరువు ఎక్కువ మేర పరుచుకుంటే నొక్కుడు తగ్గుతుంది. సన్నటి గుండ్రటి కర్ర ఒకే గీత మీద నొక్కుతుంది.

బండి దగ్గర

కొత్తగా రంగు వేసిన పాత బండిని అనుమానంగానే చూడాలి. కింద దూరి, రంగు పట్టని చోట్ల చూడండి. అతుకుల దగ్గర చాకు మొనతో నొక్కితే దిగబడిందా, కలప పుచ్చినట్టు. సన్నటి పొడి రాలుతుంటే పురుగు లోపల ఉంది. రాజోలు, సఖినేటిపల్లి వైపు సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అటు బండి అయితే ఇరుసు, బోల్టులు ప్రత్యేకంగా చూసుకోవాలి.

చెక్క చక్రాన్ని ఎండాకాలంలో చూడటం మేలు. వానాకాలంలో కలప నీరు తాగి ఉబ్బుతుంది కాబట్టి వదులుగా ఉన్న ఆకులు కూడా బిగువుగానే కనబడతాయి. ఎండల్లో ఆకులు కదులుతున్నాయా, ఇనుప పట్టా జారుతోందా తెలిసిపోతుంది. టైరు బండి అయితే చక్రాన్ని పైకెత్తి తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగులు పోయినట్టు. టైరు పక్కన నాలుగు అంకెల గుర్తు ఉంటే మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1218 అని ఉంటే 2018లో 12వ వారంలో తయారైంది. గాళ్లు బాగానే ఉన్నా పక్కలు నెర్రెలిచ్చిన టైరుకు ధర కట్టనక్కర్లేదు.

బరువు వేసి తోలి చూడాలి

అమ్మేవాళ్లు ఖాళీ బండి చూపిస్తారు. ఖాళీ బండి ఎవరికైనా తేలికే. "ఏవండీ, మా ఎడ్లు తెచ్చుకుని నాలుగు బస్తాలేసి ఓసారి తోలి చూస్తాం" అనండి. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో ఆలోచించుకోండి.

బరువు సమంగా సర్ది నొగను చేత్తో ఎత్తి చూడాలి. కొద్దిపాటి బరువు ముందుకి ఉండాలి. ముందుకి మరీ ఎక్కువైతే మెడలు కుంగుతాయి. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపులు గొంతు పట్టేస్తాయి. సర్దినా దారికి రాకపోతే ఇరుసు సరైన చోట లేదన్నమాట.

ఏటిగట్టు ఎక్కించి దించి చూడండి. ఎక్కేటప్పుడు పశువు బలం తెలుస్తుంది, దిగేటప్పుడు బండి గుణం తెలుస్తుంది. టైరు బండి దిగుడులో ముందుకు తోసుకొస్తుంది. బ్రేకు లేకపోతే ఆ తోపుడంతా కాడి మీదే, అంటే మెడ మీదే. గట్టు దిగే పని ఉన్నవాళ్లు బ్రేకు పెట్టించుకునే ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

చట్టంలో ఉన్న మాట

ఇది ఒక్క ఎడ్ల సంగతే కాదు. పాడేరు ఏజెన్సీలో గుర్రాల మీద సరుకు మోసుకునే గిరిజన రైతులకూ ఇదే చిక్కు. ఒక గుర్రానికి కుట్టిన జీను ఇంకో గుర్రం వీపుకు కుదరదు. బండి, మోత పశువుల మీద క్రూరత్వ నివారణకు కేంద్రం 1965లో చేసిన నిబంధనల్లో జీను నేరుగా గుర్రం మూపు ఎముక మీద ఆనకూడదని, మధ్యన తగినంత ఖాళీ ఉండాలని ఉంది. మొనలు, బొడిపెలు ఉన్న కాడి, ముళ్ల కర్ర వాడరాదని కూడా వాటిలోనే ఉంది. రోజుకు మొత్తం 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు మించి కట్టకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. మన వేసవిలో ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్.రామస్వామి ఎడ్ల బండిని, కాడిని బాగుచేయాలని ఏళ్ల తరబడి దేశమంతా చెప్పారు. బండి మారలేదు గానీ ఆయన చెప్పిన సంగతి నిజం. కాడి బాగుంటే అదే ఎద్దు ఎక్కువ పని చేస్తుంది.

లెక్క ఇలా వేయండి

కొత్తదానికి 100 రూపాయలు అవుతుందనుకుందాం. పాతది 50కి చెప్పారు. బాగుచేతకు 25, ఇంటికి తెచ్చే కిరాయి 10. మొత్తం 85. మిగిలిన 15 రూపాయల కోసం సగం అరిగిన సరుకు కొనాలా? అదే బాగుచేత 5తో అయిపోయేదైతే మొత్తం 65, అది మంచి బేరమే. వడ్రంగినీ కమ్మరినీ వెంటబెట్టుకుని వెళ్తే ఆ రోజు కూలి ఇచ్చినా లాభమే. డబ్బు ఇచ్చేటప్పుడు కాగితం మీద సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి.

ఇంటికి తెచ్చాక

పాత కాడికున్న గుడ్డలు, మెత్తలు, పలుపులు తీసి కాల్చేయండి. గాలికుంటు లాంటి తెగుళ్లు వస్తువుల ద్వారా కూడా వస్తాయి. లీటరు నీటికి 40 గ్రాముల చాకలి సోడా కలిపి కాడినీ బండినీ కడిగి, మంచినీళ్లు పోసి, ఎండలో ఆరబెట్టాలి. కొత్త మెత్త కుట్టించేటప్పుడు కుట్టు మెడ కిందకి రాకూడదు. చెమట పట్టి గట్టిపడిన మెత్త లేని దానికంటే చెడ్డది. రోజూ ఆరబెట్టి దులపాలి.

మొదటి వారం తేలిక బరువులే వేయండి. రోజూ సాయంత్రం కాడి దించగానే మెడ తడిమి చూడండి. వేడిగా ఉన్నా, వాచినా, వెంట్రుకలు రాలినా మర్నాడు కట్టవద్దు. చల్లటి నీటి గుడ్డ వేసి విశ్రాంతి ఇస్తే మొదట్లోనే తగ్గే అవకాశం ఉంది. చర్మం తెగితే నాటుమందులు పూయకుండా పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాలి, లేదా 1962కు ఫోను చేయాలి. వానల్లో పుండు మీద ఈగ వాలితే పురుగు పడుతుంది. పుండు మానేదాకా ఎద్దును కట్టవద్దు. ఈలోగా కాడిని మళ్లీ వడ్రంగి దగ్గరకు పంపండి. కారణం కాడిలో ఉంటే, దాన్ని సరిచేయకుండా ఎంత మందు రాసినా పుండు తిరగబెడుతుంది.