సరకు విమానంలో కొలువు.. ఒప్పందం చూశాకే అడుగు
ప్రాంతీయ విమాన పైలట్ల ముందున్న లాభనష్టాలు

పిడుగురాళ్ల: సున్నం బట్టీలు, సిమెంటు కర్మాగారాలకు లారీలు తిప్పే యజమానులకు కాంట్రాక్టు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. లోడు ఉన్నంత కాలం బండికి పని ఉంటుంది. ఒప్పందం ముగిస్తే బండి ఇంటి ముందు నిలుస్తుంది, ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగవు. సరకు విమానాలదీ ఇదే తీరు. చిన్న పట్టణాల మధ్య ప్రయాణికుల విమానాలు నడిపే పైలట్లు సరకు విమానాలకు మారాలా, వద్దా అని ఆలోచించేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఈ విషయాన్నే. మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో శిక్షణ విమానాలు ఎగరడం పల్నాడు వాసులు చూసిందే. పొలం తాకట్టు పెట్టి బిడ్డను ఈ చదువుకు పంపే తల్లిదండ్రులకూ ఈ లెక్క తెలియడం అవసరం.

మూతపడిన సంస్థలు
విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా 2015 జులైలో ఎగిరిన ట్రూజెట్, 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద కడపకు సర్వీసు ప్రారంభించింది. 2022 ఫిబ్రవరిలో అదీ నిలిచిపోయింది. ఇలాంటి అనుభవాల తర్వాత సరకు విమానాలే మేలన్న ఆలోచన కలగడం సహజం. అయితే ఆ రంగంలోనూ భద్రతకు హామీ లేదు. కెప్టెన్ గోపీనాథ్ 2009లో ప్రారంభించిన డెక్కన్ 360 సరకు సంస్థ 2011లోనే మూతపడింది.

ఒప్పందం తీరు ఇదీ
సరకు రవాణాలో తరచూ విమానం ఒకరిది, సరకు మరొకరిది. 2023 జనవరిలో హైదరాబాద్‌లో అమెజాన్ ఎయిర్ ప్రారంభమైనప్పుడు బోయింగ్ 737-800 విమానాలను నడిపే బాధ్యతను బెంగళూరుకు చెందిన క్విక్‌జెట్ తీసుకుంది. ఇటువంటి ఏర్పాటులో పైలట్‌కు జీతమిచ్చేది విమాన సంస్థ అయినా, ఆ జీతానికి ఆధారం సరకు యజమానితో ఉన్న ఒప్పందమే. అది ఎన్నేళ్లు అమల్లో ఉంటుంది, మధ్యలో రద్దయితే పైలట్ల సంగతేమిటి అన్నది తెలియకుండా సంతకం చేయడం తగదు.

రేటింగ్‌లోనే అసలు లెక్క
వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీసం 200 గంటల అనుభవం కావాలి. కెప్టెన్ హోదాకు అవసరమైన ఏటీపీఎల్‌కు 1,500 గంటలు ఉండాలి. వీటికి తోడు నడిపే ప్రతి విమాన రకానికీ విడిగా టైప్ రేటింగ్ పొందాలి. ట్రూజెట్ నడిపిన ఏటీఆర్-72 పంకాలతో నడిచే విమానం. దానిపై ఎన్ని వేల గంటలు ఎగిరినా, బోయింగ్‌కు మారాలంటే లక్షల రూపాయలు ఖర్చయ్యే శిక్షణ తప్పదు. ఆ ఖర్చు సంస్థ భరిస్తే సాధారణంగా కొన్నేళ్ల బాండు రాయించుకుంటుంది.

ఏ రకం విమానమన్నదీ ముఖ్యమే. 737 రేటింగ్ ఉంటే ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్, ఆకాసా వంటి ప్రయాణికుల సంస్థల్లోనూ పనికొస్తుంది. సరకు సంస్థ బ్లూడార్ట్ నడిపే 757 విషయం వేరు. మన దేశంలోని ప్రయాణికుల సంస్థల్లో ఆ విమానం లేదు. అక్కడ కొలువు పోతే మళ్లీ కొత్త రేటింగ్ వెతుక్కోవాల్సిందే.

రాత్రి డ్యూటీలు
సాయంత్రం సేకరించిన పార్సిళ్లు తెల్లవారేసరికి గమ్యం చేరాలి. అందుకే సరకు విమానాలు ఎక్కువగా రాత్రివేళ ఎగురుతాయి. అమెరికాలో 2013 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వద్ద తెల్లవారుజామున యూపీఎస్ సరకు విమానం కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ప్రమాదానికి దోహదం చేసిన అంశాలలో అలసట కూడా ఉందని దర్యాప్తు సంస్థ తేల్చింది. అయినా 2014లో అక్కడ అమల్లోకి వచ్చిన కొత్త విశ్రాంతి నిబంధనలు సరకు పైలట్లకు తప్పనిసరి కాలేదు. మన దేశంలో డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలను సవరిస్తూ వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. చేరబోయే సంస్థ డ్యూటీ పట్టికలో రాత్రులెన్ని, విశ్రాంతి ఎంత అన్నది ముందే చూసుకోవాలి.

ముందే అడగాల్సినవి
* సరకు ఒప్పందం ఎవరితో, ఎంతకాలం?
* టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిది? బాండు ఎన్నేళ్లు?
* విమానం నేలపై నిలిచిన నెలల్లోనూ జీతం వస్తుందా, ఎగిరిన గంటలకేనా?
* పాత సంస్థకు ఇవ్వాల్సిన నోటీసు గడువెంత? 2017లో డీజీసీఏ దీనిని కెప్టెన్లకు ఏడాదిగా, కో-పైలట్లకు ఆరు నెలలుగా నిర్ణయించింది.

ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వస్తే సరకు విమానమూ మంచి కొలువే. గంటలు పెరుగుతాయి, జెట్ అనుభవం దక్కుతుంది. జవాబు నోటిమాటగానే మిగిలితే మాత్రం ఉన్న కొలువును వదులుకునే ముందు మరోసారి ఆలోచించాలి. ఒప్పందం ఎవరు రద్దు చేసినా, శిక్షణ కోసం చేసిన అప్పు తీర్చాల్సింది పైలట్ కుటుంబమే.